ఉప్పు కిటికీలు

కలకత్తా వానాకాలం ఉప్పుకు పరమ శత్రువు. ఎనభైల్లో పల్స్ లేజర్ల మీద పనిచేసిన మాకు ఆ సంగతి బాగా తెలుసు.

మా కార్బన్ డయాక్సైడ్ లేజరు కిరణం కంటికి కనిపించదు. తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. మామూలు గాజు దాన్ని మింగేస్తుంది, ఉప్పు స్ఫటికం దాటనిస్తుంది. అందుకే లేజరు కిటికీలు ఉప్పుతో చేసేవాళ్లు. అచ్చంగా మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడే, పటికబెల్లం పలకలా ఒకే పెద్ద స్ఫటికంగా పెంచి బిళ్లలుగా కోసింది. గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు కారిపోతుంది.

అందుకే బిళ్లల్ని డెసికేటర్లో సిలికా జెల్ మధ్య దాచేవాళ్లం. నీలం గింజలు తేమ పీల్చి గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవడమే. అయినా ఏదో ఒక పూట బిళ్ల మసకబారేది. అప్పుడు మా వర్క్‌షాపు దాదా (అన్నగారు) మూతికి గుడ్డ కట్టుకుని కూర్చునేవాడు, ఊపిరి తగిలినా మసకే మరి. గుడ్డ బిగించిన పలక మీద ఆల్కహాల్‌తో తడిపిన అల్యూమినా పొడి వేసి, బిళ్లను ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్దేవాడు. చుక్క నీరు తగలనిచ్చేవాడు కాదు. అంత ఓపికైన చేతుల్ని నేను మళ్లీ చూడలేదు.

ఈ కార్బన్ డయాక్సైడ్ లేజరును 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. వాతావరణ పీడనం దగ్గరే, అడ్డంగా విద్యుత్తు పంపి పల్స్ రప్పించే పద్ధతిని 1970లో కెనడా నుంచి బోల్యూ ప్రకటించాడు. ఒక్క జౌల్ శక్తి సెకనులో కోటోవంతులో వెలువడితే కోటి వాట్లు! అంత తాకిడికి కిటికీ మీద చిన్న దుమ్ము రేణువున్నా అక్కడ మచ్చ పడేది. విద్యుత్తును ఒక్కసారిగా వదిలే స్పార్క్ గ్యాప్ ఫట్‌మని పేలగానే థర్మల్ కాగితం మీద కాలిన గుర్తు చూసి కిరణం ఆకారం అంచనా వేసేవాళ్లం.

తర్వాత ఉప్పు స్థానంలో జింక్ సెలెనైడ్ వచ్చింది. తేమకు చెక్కుచెదరదు. మంచిదే, కానీ దాంతో ఆ పాలిష్ విద్య మూలపడింది.

1928లో మన తెలుగు భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం సి.వి. రామన్ దగ్గర చేరిన కలకత్తా ప్రయోగశాల, 210 బౌబజార్ భవనం కూడా ఇప్పుడు లేదు, ఆ చోట కామర్స్ కాలేజీ ఉంది. కలకత్తా ల్యాబుల్లో పనిచేసిన తెలుగువాళ్లు ఇంకా ఉన్నారు. మీ చేతులు నేర్చిన పనులేమిటో దయచేసి రాసిపెట్టండి.