ఇష్టమైన పని మీద ఇష్టం పోతే...

మీలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పిచ్చి ఉండే ఉంటుంది. ఒకరికి పాత సినిమా పాటలు. ఒకరికి కుండీలలో మల్లెమొక్కలు. ఇంకొకరికి సంక్రాంతి వచ్చిందంటే వయసు మరిచిపోయి మిద్దె ఎక్కి గాలిపటం ఎగరెయ్యటం. నాకు పుస్తకాలు. వైద్యం చదివే రోజుల్లో అనాటమీ పుస్తకం చాటున నవల పెట్టుకుని చదివి అమ్మ చేత చీవాట్లు తిన్నదాన్ని. ఆ అమ్మే మర్నాడు వంటింట్లోంచి, "ఇంతకీ ఆ సీరియల్లో పిల్ల ఏమయిందే?" అని అడిగేది.

ఈ పిచ్చి గురించి ఆరోగ్య శీర్షికలో రాయవలసినదేముంది అని మీరు అడగవచ్చు. ఉంది. నా అనుభవమే చెబుతాను, వినండి.

నా వయసు 56 ఏళ్ళు. పాతబస్తీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పని చేస్తున్నాను. ఇల్లు లాల్ దర్వాజా దగ్గర. చివరి నాలుగేళ్ళూ అమ్మకు చూపు బాగా మందగించింది. రోజూ రాత్రి భోజనాలయ్యాక నేను పైకి చదవటం, ఆమె వినటం మాకు అలవాటయింది. రెండేళ్ళ క్రితం అమ్మ పోయింది. కర్మకాండ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. నేను డ్యూటీలో చేరాను. ఓ.పి.లో రోగులను ఎప్పటిలాగే చూస్తున్నాను. నాలో తేడా వచ్చిందని బయటివాళ్ళెవరూ అనుకోలేదు.

కాని ఇంట్లో మంచం పక్కన పుస్తకాలు పేరుకుపోయాయి. తెరుస్తాను, ఒక పేజీ చదువుతాను, ఏం చదివానో గుర్తుండదు. మళ్ళీ అదే పేజీ. వారపత్రిక వస్తే మడత విప్పకుండానే బల్ల మీద పడి ఉండేది. చత్వారం ముదిరింది కాబోలు అనుకుని కళ్ళజోడు మార్చాను. మూడు నెలలకు మళ్ళీ మార్చాను. అప్పటికీ లాభం లేకపోయింది. చివరకు నాతో చదువుకున్న కంటి డాక్టరు ఒకామె దగ్గరకు వెళ్ళాను. ఆమె నిదానంగా పరీక్ష చేసి, "జోడు సరిగ్గానే ఉందే. అది సరే, అసలు నీకు పుస్తకం తెరవాలనిపిస్తోందా?" అని అడిగింది.

నాకు చప్పున జవాబు రాలేదు. అది నేను రోగులను అడగవలసిన ప్రశ్న. నన్ను నేను ఒక్కసారి కూడా అడుక్కోలేదు.

అది వయసు కాదు

మానసికమైన కుంగుబాటు అంటే ఏడుస్తూ కూర్చోవటమని చాలామంది అనుకుంటారు. డిప్రెషన్ అని మేము పిలిచే ఈ జబ్బుకు ముఖ్య లక్షణాలు రెండు. ఒకటి, మనసు ఎప్పుడూ దిగులుగా ఉండటం. రెండు, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఇష్టం చచ్చిపోవటం. ఈ రెండవది ఉండి, కంట నీరు లేకపోయినా అది జబ్బు కావచ్చు. నేను ఏడవలేదు. అందుకే నాకు జబ్బేమిటని అనుకున్నాను.

ఈ రెండింటిలో ఏదైనా ఒకటి రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, 2 వారాలకు మించి ఉంటే ఉపేక్షించకూడదు. దానితోబాటు నిద్ర పట్టకపోవటమో, తెల్లవారుజామునే మెలకువ వచ్చెయ్యటమో, ఆకలి తగ్గటమో, ఒళ్ళంతా నొప్పులో, మతిమరుపో, తనెందుకూ పనికిరాననే ఆలోచనో ఉంటే డాక్టరు దగ్గరకు తప్పక వెళ్ళాలి.

మరి అయినవాళ్ళు పోతే దుఃఖం ఉండదా? ఉంటుంది. అయితే మామూలు దుఃఖం కెరటాలుగా వస్తుంది. మధ్యలో మనిషి నవ్వగలడు, పసిపిల్లను ఎత్తుకుని ముద్దాడగలడు. కుంగుబాటులో ఆ మధ్య విరామాలు ఉండవు.

ఇంకొక సంగతి. చూపు లేక చదవలేకపోవటం వేరు, చూపు ఉండీ చదవాలనిపించకపోవటం వేరు. మొదటి దానికి శుక్లాలు, చత్వారం, షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతినటం వంటి కారణాలు వెతకాలి. రెండవ దానికి మనసును చూడాలి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, రక్తం తక్కువగా ఉన్నా మనిషి ఇలాగే నీరసించిపోవచ్చు. కాబట్టి ఆ పరీక్షలు కూడా చేయించాలి.

ముందు పని, తరవాత ఇష్టం

నేను మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళాను. మాత్రలు రాశారు. సిగ్గుపడకుండా వేసుకున్నాను. ఈ మందులు తలనొప్పి మాత్రల్లా గంటలో పని చెయ్యవు. గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా, "పని చెయ్యలేదు" అని మానెయ్యకూడదు. నయమయిందని మనంతట మనమే ఆపెయ్యనూ కూడదు.

ఆయన రాసిన రెండో మందు మందుల షాపులో దొరకదు. రోజూ ఒక చిన్న పని, ఇదివరకు ఇష్టమైనది, ఫలానా వేళకు అని పెట్టుకుని చెయ్యమన్నారు. చెయ్యాలనిపించినా, అనిపించకపోయినా. "ఇష్టం పుట్టాక చేద్దామని కూర్చుంటే అది పుట్టదు. చేస్తూ ఉంటే నెమ్మదిగా అదే వస్తుంది" అన్నారు. కుంగుబాటుకు ఇది పరీక్షించి చూసిన చికిత్సే, ఊరికే ధైర్యం చెప్పే మాట కాదు.

నా వారం ఇలా మొదలయింది. సోమవారం ఓ.పి. రద్దీ ఎక్కువ. అందుకని ఆ రాత్రి రెండే పేజీలు. అమ్మకు చదివినట్టే పైకి చదివాను. వినేవాళ్ళు లేని గదిలో నా గొంతు నాకే వింతగా ఉంది. మొదటి రోజు రెండో పేజీ పూర్తి కాలేదు. మంగళవారం మిద్దె మీద కుండీలకు నీళ్ళు. బుధవారం సాయంత్రం నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. అది 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలయి, 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. ఆ ఎత్తయిన గదుల్లో పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య కూర్చోవటమే మొదట్లో నా పని. పుస్తకం తెరవని రోజులు కూడా ఉన్నాయి. అయినా వెళ్ళాను.

గురువారం పాత స్నేహితురాలికి ఉత్తరం, ఒక్క కార్డుకు సరిపడా. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు మా ఓ.పి. కాస్త పలచబడుతుంది. ఆ కాసేపు పత్రికలో పదవినోదం పూరించటం. డ్యూటీ లేని శనివారం సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడి గడియారం సంగతి మీకు తెలిసే ఉంటుంది. గంట అయ్యే వేళకు గడ్డం బొమ్మ ఒకటి బయటికి వచ్చి గంటలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు గంటలకు వెళితే పన్నెండు దెబ్బలూ వినవచ్చు. పిల్లలు, ముసలివాళ్ళు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు దాని ముందు నోరు తెరుచుకుని కూర్చుంటారు. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగెయ్యటం, తిరిగి వచ్చేటప్పుడు ఒక ఇరానీ చాయ్, ఒక ఉస్మానియా బిస్కెట్. షుగర్ ఉన్నవాళ్ళు చక్కెర లేని చాయ్ అడగండి, బిస్కెట్ సగం చాలు.

ఎనిమిదో వారమో తొమ్మిదో వారమో, ఆబిడ్స్‌లో అట్ట చిరిగిన నవల ఒకటి కొన్నాను. చదువుతూ చదువుతూ పొయ్యి మీద పాలు మరిచిపోయాను. గిన్నె మాడింది. ఆ గిన్నె తోముతుంటే నాకు ఏడుపు వచ్చింది. అమ్మ పోయాక అదే మొదటిసారి. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

రేడియో పెట్టని మనిషి

అప్పటి నుంచి ఓ.పి.లో ఒక ప్రశ్న అదనంగా అడుగుతున్నాను. "ఇదివరకు మీకేది ఇష్టం? ఇప్పుడు చేస్తున్నారా?" అని.

మొన్నామధ్య లక్క గాజులు చేసే ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, నిద్ర లేదు. ఇంతకు ముందు మూడుచోట్ల చూపించుకుంది. సంచీ నిండా నొప్పి మాత్రలున్నాయి. నా ప్రశ్న అడిగితే కాసేపు తల వంచుకుని, "పని చేసేటప్పుడు రేడియో పెట్టుకునేదాన్ని. సంవత్సరం నుంచి పెట్టలేదు. దిల్ నై లగ్‌రా అమ్మా" అంది. మనసు పట్టటం లేదని. రోగం పేరు ఆమే చెప్పింది. మనం ఆ మాటను రోగ లక్షణంగా వినకుండా నొప్పి మాత్ర రాసి పంపేస్తున్నాం. ఆవిడకు రక్తం కూడా తక్కువగా ఉంది. దానికీ, దీనికీ చికిత్స మొదలుపెట్టాం. రెండు నెలలయింది. నిద్ర కుదుటపడింది. నొప్పులు పూర్తిగా పోలేదు. రేడియో మాత్రం రోజూ ఒక గంట పెడుతున్నానంది.

పుస్తకాలు చదివితే మతిమరుపు జబ్బు రాదా అని అడిగేవారున్నారు. అమెరికాలో 75 ఏళ్ళు దాటిన 469 మందిని సుమారు అయిదేళ్ళపాటు గమనించి 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. చదవటం, చదరంగం వంటి ఆటలాడటం, వాద్యం వాయించటం, నాట్యం చెయ్యటం అలవాటున్న వాళ్ళలో ఆ జబ్బు తక్కువగా కనపడింది. అంతమాత్రాన పుస్తకమే జబ్బును ఆపిందని గట్టిగా చెప్పలేం. జబ్బు లోలోపల మొదలయినవాళ్ళు ముందుగానే ఆ పనులు మానేసి ఉండవచ్చు. ఎటు చూసినా, ఇంట్లో పెద్దవాళ్ళు ఇష్టమైన పని మానేశారంటే అది గమనించవలసిన విషయమే.

చదివేవారికి కొన్ని జాగ్రత్తలు

వెలుగు మీ భుజం మీదుగా పుస్తకం మీద పడాలి, కళ్ళలో పడకూడదు. గుడ్డివెలుగులో చదివితే కళ్ళు పోవు, అలసిపోతాయి, తలనొప్పి వస్తుంది. 20 నిమిషాలకోసారి తల ఎత్తి దూరంగా ఉన్న చెట్టునో గోడనో కాసేపు చూడండి, రెప్పలు ఆర్పండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. 40 దాటితే చత్వారం సహజం, జోడు పెట్టుకోవటానికి నామోషీ పడవద్దు. షుగర్ ఉన్నవాళ్ళు ఏడాదికోసారి కంటి లోపలి పొరను పరీక్ష చేయించుకోవాలి. షుగర్ అదుపు తప్పిన రోజుల్లో చూపు మారుతూ ఉంటుంది, అప్పుడు కొన్న జోడు తరవాత పనికిరాదు. పడుకునే ముందు సెల్‌ఫోన్ పక్కన పెట్టి కాగితం పుస్తకం పట్టుకోండి.

ఇక ఇంట్లో మగవారికీ, పిల్లలకూ ఒక మాట. మీ అమ్మకు, మీ ఇల్లాలికి ఏది ఇష్టమో మీకు తెలుసా? పెళ్ళికి ముందు పాడేదేమో, ముగ్గులు వేసేదేమో, నవలలు చదివేదేమో. "ఇప్పుడెందుకు చెయ్యటం లేదు?" అని ఒకసారి అడగండి. తీరిక లేదంటే ఆ తీరిక కల్పించండి, రోజుకు అరగంట చాలు. తీరిక ఉండీ మనసు పట్టటం లేదంటే ఆసుపత్రికి తీసుకురండి. దగ్గరలో మానసిక వైద్యుడు లేకపోతే 14416 నంబరుకు ఫోన్ చెయ్యండి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ సేవ అది. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరైనా చచ్చిపోవాలని ఉందంటే మాత్రం మర్నాటి దాకా ఆగవద్దు. వాళ్ళను ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకురండి.

నేను ఇప్పటికీ రాత్రిపూట పైకే చదువుతున్నాను. ఈ మధ్య పక్కింటి అమ్మాయి వచ్చి గుమ్మంలో కూర్చుని వింటోంది. నిన్న రాత్రి పేజీ మధ్యలో ఆపేస్తే, "తరవాత ఏమయింది ఆంటీ?" అంది. రేపు చెబుతానన్నాను.