ఇటుక గోడ, ఒక మైకు

న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో మెక్‌డూగల్ వీధి. మెట్లు దిగితే కామెడీ సెల్లార్ అనే స్టాండప్ కామెడీ క్లబ్. 1982 నుంచీ ఉంది. పేరు ప్రపంచమంతా, చోటు చూస్తే మన టిఫిన్ హోటలంత. వెనక ఇటుక గోడ, ఓ స్టూలు, మైకు. టికెట్ కాక మనిషికి రెండు ఐటమ్‌లు ఆర్డరివ్వాల్సిందే (బిల్లు చూశాక నవ్వు రాలేదు). కమెడియన్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పావుగంట వాయించి పోతారు. నేను వెళ్లిన రాత్రి ఒకాయన జోకు పేలలేదు. చేతిలో కాగితం చూసుకుని, అదే జోకు నాలుగు మాటలు తగ్గించి మళ్లీ వేశాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఆ రాత్రి నాకు బాగా నచ్చింది అదే. ఓటీటీలో మనం చూసే కామెడీ షోలు ఇలా సానబట్టాక వచ్చిన సరుకు. అటు వెళ్లేవాళ్లు టికెట్ ముందే బుక్ చేసుకోండి. ముందు వరసలో కూర్చోబెట్టారో, తర్వాతి జోకు మీ మీదే!