పెద్దనాయన వీలునామా

ఈసారి కంది ధర గురించి, బోర్ల గురించి రాయటం లేదు. మొన్న టీ కొట్టు కాడ ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, మీ చర్చిలో ఎప్పుడు చూసినా వాగ్దానం వాగ్దానం అంటారు, ఇంతకీ ఆ దేవుడు మీకేం రాసిచ్చాడు?" అని. నవ్వుతానే అడిగాడు. నాకు మాత్రం అక్కడికక్కడ జవాబు రాలేదు. రాత్రి నిద్ర పట్టక ఇది మొదలుపెట్టా. పొడుగయితే ఏమనుకోమాకండి.

ముందు నా సంగతి చెప్పాలి. మా పెద్దనాయనకు పిల్లల్లేరు. నాకు మూడో ఏడు రాంగానే నన్ను తెచ్చుకుని పెంచుకున్నాడు. బడికి పంపాడు, మార్కాపురంలో ఇంటర్ చదివించాడు, పెళ్లి చేశాడు. ఊళ్లో అందరికీ నేను ఆయన కొడుకునే. కాగితాల్లో మాత్రం కాదు. 1956లో వచ్చిన దత్తత చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుంది గానీ మా క్రైస్తవులకు వర్తించదు. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో తెలీదు, ఒకరోజు తెల్ల చొక్కా ఏసుకుని బస్సెక్కి పొయ్యి, రెండెకరాల అరవై సెంట్లు నా పేరున వీలునామా రాసి రిజిస్టరు చేయించి వచ్చాడు. ఆ కాగితం పన్నెండేళ్లు ట్రంకు పెట్టెలో నాఫ్తలీన్ ఉండల మధ్య పడుంది. ఆయన బతికున్నన్నాళ్లు దానివల్ల నాకు ఒక్క సెంటు రాలేదు. రాకూడదు కూడా.

ఆయన పొయ్యాక మొదలైంది. నాతో ఒకే కడుపున పుట్టినోళ్లే, మా అన్న, తమ్ముడు, "నువ్వూ మాలాగా ఆయన తమ్ముడి కొడుకువే గదా, అందరికీ సమానంగా రావాలి" అన్నారు. రక్తం లెక్కన చూస్తే వాళ్లు అన్నదాంట్లో తప్పు లేదు. పాసుపుస్తకం మార్పించుకోటానికి పోతే అక్కడ ఆయన కళ్లజోడు పైకి నెట్టి ఒకటే ప్రశ్న అడిగాడు. "నువ్వు ఆయనకు ఏమవుతావు?" యాభై ఏళ్లు నాయనా అని పిలిచిన నాకు గొంతులో మాట ఆగిపోయింది. వీలునామా తీసి బల్ల మీద పెట్టా. ఎనిమిది నెలలు తిప్పారనుకోండి, అది వేరే కత.

ఆ ఎనిమిది నెలల్లోనే గలతీయులకు రాసిన పత్రిక నాకు అర్థమైంది. అంతకుముందు ఎన్నిసార్లు చదివానో. అక్కడ తగాదా కూడా వారసత్వం తగాదానే. దేవుడు అబ్రాహాముకు మాట ఇచ్చాడు. ఆ మాట ఎవరికి దక్కాలి? ఆయన రక్తానికి, సున్నతి చేయించుకుని ధర్మశాస్త్రం పాటించేవాళ్లకే అని కొందరు పట్టుబట్టారు. పౌలు లాయరులాగా వాదిస్తాడు. వాగ్దానం ముందు జరిగింది, ధర్మశాస్త్రం 430 ఏళ్ల తర్వాత వచ్చింది, ముందు స్థిరపడిన దస్తావేజును తర్వాత వచ్చింది కొట్టెయ్యలేదు అంటాడు. ఆ వాగ్దానం అబ్రాహాము సంతానమైన ఒక్కడికి, అంటే క్రీస్తుకు చెందింది. కాబట్టి క్రీస్తు సొంతమైనవాడు ఎవరైనా వారసుడే, యూదుడా, గ్రీసు దేశస్థుడా, దాసుడా, స్వతంత్రుడా, ఆడా, మగా అని చూడడు. హెబ్రీయుల పత్రికలో ఇంకో మాట ఉంది, మన తెలుగు బైబిలులో దాన్ని మరణశాసనం అన్నారు. రాసినవాడు చనిపోతేగానీ అది చెల్లదు. అందుకే క్రీస్తు చావు లేకుండా ఈ వాగ్దానం సంగతి చెప్పలేం. ట్రంకు పెట్టె గుర్తొచ్చి ఆ పేజీ కాడ చాలాసేపు కూర్చున్నా.

మాకు ఈ మాట ఎట్టా చేరిందో కూడా చెప్తా. మాది మాదిగ పల్లె. 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లవ్ దొర ఒంగోలు వచ్చాడు. మన పడమటి దిక్కున తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అని తోళ్ల వ్యాపారం చేసే మాదిగాయన, ముందే తన పాటికి తాను దేవుణ్ణి వెతుక్కుంటున్న మనిషి, నమ్మి తనవాళ్లందరికీ చెప్పుకుంటా తిరిగాడు. తర్వాత 1876-78 కరువు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లవ్ దొర కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి చూపించాడు. మమ్మల్ని ఇప్పటికీ అంటారు, గంజి కోసం మతం మారినోళ్లని. కానీ కరువు సాయం నడిచినన్నాళ్లు ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం అయిపొయ్యాకే, 1878 జులై 3న ఒంగోలు పక్కన వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది మునిగారు. మన కంభం చెరువు నింపి, మార్కాపురం పక్కగా పొయ్యే గుండ్లకమ్మే అది. మా ముత్తాత వాళ్ల నాయన ఆ రోజుల్లోనే మునిగాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. అందరి మనసులో ఏముందో నేనెట్టా చెప్తాను. వాళ్లకు అప్పటిదాకా ఎవరూ, ఏ కాగితంలోనూ వారసులు అనే మాట రాయలేదు. అది మాత్రం తెలుసు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తా. ఏమిచ్చాడు? పాపాల మన్నన, తన ఆత్మ, ఆయన బిడ్డ అనే పేరు, చావు తర్వాత కూడా తెగని సంబంధం. ఇందులో బోరు నీళ్లు లేవు. ఇది నేను ఖర్చు పెట్టుకుని నేర్చుకున్నా. ఒక సభలో ఒకాయన కానుక ఎయ్యండి, మీ భూమిలో ఊట పుట్టిద్ది, ఇది దేవుడి వాగ్దానం అన్నాడు. కానుక ఏశా, అప్పు చేసి బోరు ఏయించా. ఆరొందల ఇరవై అడుగులు. దుమ్ము లేచింది. బత్తాయి చెట్లు సగం ఎండిపొయ్యాయి. ఆర్నెల్లు చర్చికి పోలేదు, నిజం చెప్తున్నా. దేవుడు మాట తప్పాడనుకున్నా. ఆయన ఇవ్వని మాటను ఆయన పేరున ఎవడో ఇచ్చాడని తెలుసుకోటానికి అన్నాళ్లు పట్టింది.

బైబిలులో సంచకరువు అని ఒక పాత మాట ఉంది, ఇప్పుడు చాలామంది పిల్లలకు తెలీదు. బత్తాయి కాయ చెట్టు మీద ఉండంగానే వ్యాపారి తోట మాట్లాడుకుని అడ్వాన్సు ఇస్తాడు చూడండి, అది. ఆత్మను దేవుడు అట్టా ముందుగా ఇచ్చాడంటాడు పౌలు. పెద్దమ్మ పొయ్యిన రాత్రి, ఆ అప్పులోనే, ఇంట్లో అందరం పాడుకుంటా కూర్చున్నాం. ఆ ధైర్యం నాది కాదు, నా సంగతి నాకు తెలుసు. తమ్ముడూ, చేతిలో పెట్టి చూపించమంటే నా కాడ ఉండేది అదే.

పాసుపుస్తకం పోయినేడు వచ్చింది. మా తమ్ముడు ఏడాదిన్నర మాట్లాడలేదు. మొన్న ఆరుద్రలో ఇంటికొచ్చి గడప కాడే నిలబడి, పెద్దనాయన చేలో ఒక ఎకరం కంది ఏసుకోనా అన్నాడు. ఏసుకోమన్నా. కౌలు ఎంత అన్నాడు. పంట రానీలే అన్నా. మొలక వచ్చింది, సాళ్లు బాగానే కనపడతన్నాయి. ఇంకొక్క వాన కావాలి.