చిక్కపేట మెట్లు, జైపూర్ పాదం

1537లో కెంపేగౌడ కట్టించిన పాత బెంగళూరులో భాగమైన చిక్కపేటను కృత్రిమ కాలుతో నడిచే మనిషిని దృష్టిలో ఉంచుకుని చూస్తే, పట్టుచీరల టోకు వ్యాపారం కన్నా ముందు అక్కడి ఇరుకు సందులు, మూటలు మోసే కూలీలు, తోపుడు బళ్ళు, పై అంతస్తు దుకాణాలకు నిటారుగా ఎక్కే మెట్లు, లోపల పరుపుల మీద మఠం వేసుకుని సాగించే బేరాలు గమనానికి వస్తాయి. ఈ బజారుకు చీరలు నేసి పంపే ధర్మవరంలో గుంటమగ్గం మీద, అంటే గోతిలోకి కాళ్ళు దించి చెక్కలను తొక్కుతూ నేసే మగ్గం మీద బతికే నేతగాడికి మధుమేహం వల్లనో, ప్రమాదంలోనో కాలు తీసేయవలసి వస్తే, నడకతో పాటు కూడూ పోతుంది.

ఇటువంటి బతుకులకు పనికివచ్చే పాదాన్ని 1968లో జైపూర్‌లో శిల్పి రామచంద్ర శర్మ, శస్త్రవైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ రూపొందించారు. రబ్బరు, కలపలతో చేసిన ఈ పాదంతో చెప్పులు లేకుండా నడవవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, మఠం వేసుకోవచ్చు. 1981లో మెగసెసే పురస్కారం సేఠీకి దక్కింది గాని, శర్మ చేతిపనికి అంతటి గుర్తింపు రాకపోవడం అన్యాయమే. నర్తకి సుధా చంద్రన్ జైపూర్ పాదంతో తిరిగి నాట్యమాడిన కథను 'మయూరి' సినిమా ద్వారా ఎరిగిన తెలుగువారికి కూడా, పాదం కన్నా సాకెట్ ముఖ్యమన్న సంగతి అంతగా తెలియదు.

సాకెట్ అంటే, తీసేయగా మిగిలిన కాలి భాగం ఇమిడే తొడుగు. తయారీశాలలో పనివాడు మొదట ఆ మిగిలిన కాలికి తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీస్తాడు. అందులో ప్లాస్టర్ పోసి తీసిన దిమ్మను వేళ్ళతో తడుముతూ, మోకాలిచిప్ప కింద బరువు ఓర్చుకునే చోట కాస్త చెక్కి, ఎముక పొడుచుకువచ్చే చోట కాస్త ప్లాస్టర్ చేర్చి, ఆ తర్వాతే వేడికి మెత్తబడిన ప్లాస్టిక్ గొట్టాన్ని దానిపై తొడుగుతాడు. ఏ కొలతబద్దకూ పూర్తిగా అందని ఆ వేళ్ళ అంచనా తప్పితే మనిషికి పుండు పడుతుంది, కాలు ఇంట్లో ఓ మూలన పడుతుంది.

ఆపరేషన్ తర్వాతి నెలల్లో మిగిలిన కాలు సన్నబడుతూ వస్తుంది కనుక మొదటి సాకెట్ వదులవడం సహజమే అయినా, ఉచిత శిబిరాలు పంచిన కాళ్ళను లెక్కపెట్టినంత శ్రద్ధగా, అవి ఏడాది తర్వాత ఎందరి ఒంటిమీద ఉన్నాయో లెక్కపెట్టవు. బెంగళూరులో కర్ణాటక మార్వాడీ యూత్ ఫెడరేషన్ వంటి సంస్థలు ఉచితంగా కాళ్ళు అమర్చడం గొప్ప సేవే. ఆ దాతృత్వం సాకెట్ మార్పిడికి, నడక శిక్షణకు, తోటివారి తోడుకు కూడా విస్తరించాలి.

తోటివారి అవసరం ఎంతటిదో లేని పాదంలో పుట్టే నొప్పి చెబుతుంది. వైద్యులు ఫాంటమ్ నొప్పి అనే ఈ బాధను అనుభవిస్తూ తనకు మతి చలించిందేమోనని భయపడే మనిషికి, 'నాకూ అంతే' అని మరో అంగవిహీనుడు చెప్పే మాటకున్న బలం ఏ మందుల చీటీకీ రాదు. కార్గిల్ యుద్ధంలో గాయపడి కాలు పోగొట్టుకున్న మేజర్ డి.పి.సింగ్ 2011లో ఇటువంటివారి కోసమే ద చాలెంజింగ్ వన్స్ అనే బృందాన్ని స్థాపించారు. బెంగళూరులోనే వికలాంగ మహిళలు తామే కృత్రిమ అవయవాలు తయారుచేసే పనిశాల కూడా ఉంది. కాలు తీసేయాలని నిర్ణయించిన రోజునే, ఆపరేషన్ గదికి తీసుకెళ్ళకముందే, కాలు పోగొట్టుకున్న మరొకరిని రోగి మంచం దగ్గరికి పిలిపించే ఏర్పాటు ప్రతి పెద్దాసుపత్రిలోనూ ఉండాలి, అలా వచ్చినవారికి జీతమూ ఇవ్వాలి.