మొహమాటం

మా అక్క కూతురు మెడిసిన్ చదువుతోంది. మొన్న సెలవులకి వచ్చి, "పిన్నీ, కాసేపు నువ్వు పేషెంటువి" అంటూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. 2019లో చేరిన బ్యాచ్ నుంచి ఎం.బి.బి.ఎస్.లో రోగితో మాట్లాడే తీరు కూడా పాఠమేనట. (నలభై దాటినదానికి ఈ వేషానికి రిహార్సల్సు అక్కర్లేదు లెండి!)

ప్రశ్నలన్నీ చకచకా అడిగింది. ఒకచోట మాత్రం నసిగి దాటేసింది.

"నిన్నెలా అడగను పిన్నీ? సిగ్గేసింది."

నాకు నవ్వు రాలేదు. అమ్మ గుర్తొచ్చింది. మా వీధి డాక్టరు నాన్నగారి శిష్యుడు. వచ్చినప్పుడల్లా అమ్మ పాదాలకి దణ్ణం పెట్టేవాడు. బి.పి. చూసి, షుగరు మాత్రలు రాసి, కాఫీ తాగి వెళ్ళేవాడు. కాలెత్తి అరికాలు చూపించమని గురుపత్నిని అడగడానికి మాత్రం మొహమాటం. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది, పుండు పడినా నొప్పి తెలీదు. అమ్మకీ తెలీలేదు. రెండు వేళ్ళు తీసేశారు.

"ఇలాంటిదే మా మేడమ్ చెప్పారు" అంది పిల్ల మెల్లగా. జెరోమ్ గ్రూప్‌మన్ అనే అమెరికా డాక్టరు తన తప్పు తనే 2007లో పుస్తకంలో రాసుకున్నాడట. తనకెంతో ఇష్టమైన కేన్సరు పేషెంటు. నీరసంగా ఉన్నాడు, ఇబ్బంది పెట్టడమెందుకని పక్కకి తిప్పి చూడలేదు. వెనకవైపు చీముగడ్డ ఉండిపోయింది. విసుగొక్కటే కాదు, ప్రేమా కళ్ళు కప్పేస్తుందన్నమాట.

పిల్ల కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పిన్నీ, నెలసరి సరిగ్గా వస్తోందా?"

ఆర్నెల్లుగా ఎవరికీ చెప్పని సంగతి అది. నసగడం నా వంతయింది.