రేవు దారిలో ఒక మాట

"పంటు ఆపేశారండీ, చించినాడ మీదుగా పోండి."

పొద్దున గోదారి దాటించే పంటు కోసం సఖినేటిపల్లి రేవుకి వెళ్తుంటే ఎదురొచ్చిన బండాయన ఆగి మరీ చెప్పాడు. గోదారి ఎర్రగా, ఉరవడిగా ఉంది.
బండి తిప్పాను. వెనక్కొస్తూ ఎదురైన ఇద్దరికి నేనూ అదే మాట చెప్పాను. దిండి దాటి, వంతెనెక్కి, పాలకొల్లు మీదుగా నరసాపురం చేరాను.

నెట్‌వర్కుల్లో నేను చేసే పనీ ఇదే కదా అనిపించింది!
అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఉన్న మూడు ఆఫీసుల్ని బీజీపీతో, అంటే నెట్‌వర్కులు ఒకదానికొకటి దారి చెప్పుకునే పద్ధతితో, కలిపాను. ఏ రూటరుకీ మొత్తం మ్యాపు తెలియదు. "ఫలానా చోటుకి నా మీదుగా వెళ్ళొచ్చు, మధ్యలో వీళ్ళు తగులుతారు" అని పక్కదానికి చెబుతుంది, అంతే. లైను తెగితే ఆ కబురూ అలాగే పాకుతుంది. మధ్యలో తగిలే నెట్‌వర్కుల నంబర్లలో తన నంబరే ఉన్న దారి తిరిగి తన దగ్గరకొస్తే మాత్రం తీసుకోదు. తీసుకుంటే ట్రాఫిక్ అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది.

1989లో భోజనాల బల్ల దగ్గర ఇద్దరు ఇంజినీర్లు న్యాప్‌కిన్ల మీద గీసుకున్న ఆలోచన ఈ బీజీపీ. ఇంటర్నెట్‌లోని పెద్ద నెట్‌వర్కులన్నీ ఇప్పటికీ దీనితోనే ఒకదానికొకటి దారి చెప్పుకుంటున్నాయి.

ఆ బండాయనెవరో తెలీదు. ఆగాల్సిన అవసరమూ లేదు ఆయనకి. పొద్దుట్నుంచీ ఆయన మాటే చెవిలో ఉంది.

మీకూ ఇలా దారి చెప్పినవాళ్ళున్నారా? రాయండి.