కరువు తవ్వించిన కాలువ వెంట

ఒంగోలుకు తూర్పున, పొలాలకూ సముద్రానికీ మధ్య బకింగ్‌హాం కాలువ ఇప్పుడు చాలాచోట్ల కాలువలా కనిపించదు. పూడిక, తుంగ, అక్కడక్కడా రొయ్యల చెరువులు. పెద్దగంజాం నుంచి చెన్నై మీదుగా మరక్కాణం దాకా ఒకప్పుడు ఉప్పు పడవలు నడిచిన దారి ఇది. 2008లో కేంద్రం దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో కలిపింది. దీనికి పేరిచ్చిన బకింగ్‌హాం డ్యూక్ 1875 నుంచి 1880 వరకు మద్రాసు గవర్నర్. ఆయన హయాంలో దీన్ని పొడిగించి తవ్వింది మాత్రం ధాత కరువులో డొక్కలు అంటుకుపోయిన జనం. అందులో సుమారు మూడున్నర మైళ్ల పనికి కాంట్రాక్టరు ఒక అమెరికన్ బాప్టిస్టు మిషనరీ.

పేదవాడు ఎందుకు పేదవాడయ్యాడన్న ప్రశ్నకు చర్చి చెప్పే జవాబు ఎలా మారిందో తెలుసుకోవడానికి లండన్, న్యూయార్క్ వెళ్లనక్కరలేదు. ఒంగోలు చాలు.

పట్నంలోని చిన్న గుట్టను ఇక్కడ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున నెల్లూరు మిషన్‌కు చెందిన జువెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో దీన్నెక్కి ప్రార్థన చేశారు. పన్నెండేళ్లకు, 1866లో, జాన్ క్లౌ వచ్చారు. ఊళ్లో ఇప్పటికీ ఆయన క్లౌ దొరే. మొదట్లో బ్రాహ్మణ కుర్రాళ్లు ఆయన బడికి వచ్చారు. మాదిగలు మతంలో కలవడం మొదలుపెట్టగానే ఆ కుర్రాళ్లు మానేశారు. ఎవరు కావాలో తేల్చుకోవలసి వచ్చింది. క్లౌ మాదిగవాడ వైపు నిలబడ్డారు.

ఆ వాడ బతుకుతెరువు ఏమిటి? చచ్చిన పశువు తోలు ఊడదీయడం, చెప్పులు కుట్టడం, మోటకు తోలు బానలు చేయడం. కూలి డబ్బుల్లో కాదు, కల్లంలో మేరగా వచ్చేది. మంచి ఏడాదిలో అది భరోసాలా కనిపిస్తుంది. పంట పోతే మేర ఉండదు. భూమి లేదు, అమ్ముకోవడానికి ఏమీ లేదు. అంటే కరువుకు ముందే, ఎవరు ముందు పస్తుండాలో ఊరు నిర్ణయించి పెట్టుకుందన్నమాట.

1876లో వానలు మొహం చాటేశాయి. అదే కాలంలో ఉత్తర చైనాలో, ఈశాన్య బ్రెజిల్‌లో కూడా అనావృష్టి. దేవుడి కోపమనుకుంటే మూడు దేశాల మీద ఒకేసారి వచ్చిన కోపం. దాని వెనుక ఎల్‌నినో ఉందని ఈనాడు తెలుసు. కానీ వాన రాకపోవడం వేరు, అన్నం దొరక్కపోవడం వేరు. దేశం నుంచి ధాన్యం ఎగుమతులు ఆగలేదు. వైస్రాయ్ లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో మహాదర్బారు నడిపారు. అదే నెలలో మద్రాసు వచ్చిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించారు. పౌనంటే అరకిలో కూడా లేదు. దానితో మట్టి మోసే మనిషి నిలవడని ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించారు. బ్రిటిష్ ప్రాంతాల్లోనే 50 లక్షలకు పైగా చనిపోయారని అంచనా. తిండి లేక కాదు, తిండిని కొనుక్కునే దారి లేక కరువులు చంపుతాయని అమర్త్య సేన్ 1981లో పుస్తకం రాసి చెప్పారు. మేర పోయిన మాదిగకు ఆ సూత్రం అప్పటికే తెలుసు.

క్లౌ గంజి కేంద్రం పెట్టి ఊరుకోలేదు. కాలువ పని ఒప్పుకుని, తీరం వెంట తాటాకు పాకలు వేయించి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. దీన్ని దానమని ఎందుకనాలి? తవ్విన మట్టికి కొలత ఉంది, కొలతకు కూలి ఉంది, పైన తిట్టే మేస్త్రీ లేడు. ఈ మూడూ ఒకేచోట ఉండటం ఆ జనానికి కొత్త. అయితే క్లౌను విప్లవకారుణ్ని చేయనక్కరలేదు. ఎగుమతులు ఆపని ప్రభుత్వమే ఆయనకు కాంట్రాక్టు ఇచ్చింది.

పాకల్లో సాయంత్రాలు బోధ కూడా జరిగేది. కలుస్తామని వేలమంది అడిగారు. అన్నం కోసం కలిశారన్న మాట పడకూడదని, సాయం పనులు ముగిసేదాకా క్లౌ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది నీటిలో మునిగి లేచారు. బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ బాప్తిస్మాలిచ్చారు. ఈ జాగ్రత్తతో విమర్శ పూర్తిగా చెల్లిపోతుందని చెప్పలేం. అన్నం పెట్టిన చేతిని మనిషి అంత తొందరగా మరిచిపోడు. కానీ అన్నం ఒక్కటే కారణమైతే, బియ్యం నిండుకున్నాక అంత జనం నది దాకా నడిచిరావడాన్ని వివరించడం కష్టం.

క్లౌ రెండో భార్య ఎమ్మా మాదిగల గురించి 1899లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషన్‌బుష్ న్యూయార్క్ మురికివాడ పక్కన పాస్టరుగా పనిచేసి, పాపం వ్యక్తిలోనే కాదు, వ్యవస్థలోనూ ఉంటుందని 1907లో పుస్తకం రాశారు. మార్టిన్ లూథర్ కింగ్ మీద దాని ప్రభావం గాఢమైనది. అక్క ఒంగోలులో, తమ్ముడు న్యూయార్క్‌లో చూసింది దాదాపు ఒకటే.

బైబిల్‌కు ఇది పరాయి ఆలోచన కాదు. బీదలు ఎప్పుడూ ఉంటారన్న యేసు మాటను సరిపెట్టుకోవడానికి వాడే బోధకులు చాలామంది. ఆ మాటకు మూలం ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయంలో ఉంది. ఏడేళ్లకోసారి అప్పులు మాఫీ చేయాలని ఆజ్ఞాపించే అధ్యాయమది. లేవీయకాండమైతే యాభయ్యో ఏట భూమిని పాత హక్కుదారుకు తిరిగి ఇమ్మంటుంది. భూమి దాకా వచ్చేసరికి మిషన్లు కూడా బడి, ఆస్పత్రి దగ్గరే ఎక్కువగా ఆగిపోయాయి.

నీళ్ల దగ్గర కూడా పని మిగిలిపోయింది. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు తాగే చెరువు నీటిని పాడుచేయొద్దన్నందుకు మొదలైన గొడవ 1985 జులై 17న ఆరుగురు మాదిగల హత్యకు దారితీసింది. బతికినవాళ్లు చీరాలకు పారిపోయారు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తింపజేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. రాష్ట్రంలో మతంలో కలిసిన ఎస్సీలది బీసీ-సి, ఒక శాతం రిజర్వేషన్. అందుకే ఈ ప్రాంతంలో ఒకే మనిషికి చర్చి రిజిస్టర్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఇంకో పేరు ఉండటం ఎవరికీ వింత కాదు.